మూడు మీటర్లు

నేల మీద ఎర్ర టేపు.
కుర్చీ నుంచి అక్కడికి మూడు మీటర్లు.
లేవాలి, టేపు దాకా నడవాలి, తిరగాలి,
వచ్చి కూర్చోవాలి.
నా చేతిలో స్టాప్‌వాచీ, జేబులో మూత పోయిన పెన్ను.
గదినిండా డెట్టాల్, దాని కింద
పక్క బెడ్డు వాళ్ళు దాచుకున్న మిర్చి బజ్జీల వాసన.

మైసయ్య, అరవై ఒకటి. ఎడమ పక్క పక్షవాతం, పదిహేడో రోజు.
ఆర్టీసీ కండక్టరు, మెహదీపట్నం డిపో, పోయినేడు రిటైరు.
"ముప్పై ఏండ్లు నిలవడ్డ మేడం, రాడ్డు వట్టకుంట.
టికెట్లకొక చెయ్యి, పైసలకొక చెయ్యి,
పట్టుకునేటందుకు మూడోది యాడికెల్లొస్తది?"

లేచాడు. వాచీ నొక్కాను.
ఎడమ కాలు నేలను అడిగి అడిగి
అడుగు వేస్తోంది.
తిన్నగా నడవడం దాదాపు అందరికీ వస్తుంది.
తిరిగేచోటే మనిషి జారేది.
టేపు దగ్గర ఆయన ఏడు చిన్న అడుగులు వేశాడు,
ఇరుకు సందులో బస్సు రివర్స్ చేయిస్తున్నట్టు.
ఇరవై తొమ్మిది సెకన్లు.
"మంచిగొచ్చిందా?"
పన్నెండులోపు రావాలి అనలేదు నేను.
రేపు ఇంకోసారి చూద్దామన్నాను.

ఫారం అడుగుతుంది.
మూడు నెలల్లో పడ్డారా? పడ్డారు, ఇరవై ఐదు.
వేరే జబ్బులు? షుగరు ఉంది, పదిహేను.
గోడా మంచమూ పట్టుకుని నడుస్తారా? ముప్పై.
సెలైన్ సూది? నిన్ననే తీశారు, సున్నా.
తన హద్దు తనకు గుర్తుంటుందా, మరిచిపోతాడా?
పెన్ను ఆగింది.
"బాత్రూంకి ఒక్కరే పోగలరా?"
"పోత. ఎందుకు పోను?"
వెనకాల బాలమణి, స్టీలు డబ్బాకు మూత నొక్కుతూ,
ఆయనకు కనబడకుండా తల అడ్డంగా ఊపింది.
ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఇంకో ఫారం. ఏడు నుంచి ఒకటి దాకా.
ఏడంటే ఎవరూ వద్దు, ఏదీ వద్దు.
ఆరంటే మనిషి వద్దు, కర్రో కమ్మీయో ఉండాలి.
ఐదుకు ఒకరు ముట్టుకోకుండా పక్కన నిలబడాలి.
నాలుగంటే చెయ్యి వెయ్యాలి.
తిండి ఆరు. చొక్కా మూడు.
బొత్తాలు బాలమణి పెడుతున్నంతసేపూ
ఆయన ఫ్యాను రెక్కలు లెక్కపెడతాడు.
"ఆరంటే పట్టుకునేటిదొకటుంటె సాలు, అంతేనా?"
"అంతే."
"గట్లయితె పొద్దుగాల తొమ్మిదింటికి
లక్డీకాపూల్ల నా బస్సు మొత్తం ఆరే గద మేడం."
నవ్వాడు, కుడి సగంతో.
ఎడమ సగం ఇంకా స్టాపుకి రాలేదు.

రాత్రి రెండున్నరకు పడ్డాడు.
చేతికి పసుపు పట్టీ ఉంది.
మంచానికి కటకటాలు లేపే ఉన్నాయి.
గంట తల పక్కనే ఉంది. నొక్కలేదు.
కాళ్ళవైపు సందు చూసుకుని
వెనక డోరులోంచి దిగినట్టు దిగాడట.
మోచేతికి మూడు కుట్లు.
"గప్పుడే కండ్లంటుకున్నయి ఆమెకు.
గింత దానికి లేపాల్నా?"

హద్దు మరిచాడని రాయాలి. పదిహేను.
మొత్తం ఎనభై ఐదు.
ఆయనేమీ మరిచిపోలేదు.
బాలమణి పదిహేడు రాత్రుల్లో ఎంత పడుకుందో
చిల్లరతో సహా లెక్క ఉంది ఆయన దగ్గర.
మార్జిన్లో ఇరికించి రాశాను:
భార్య నిద్రలో ఉంటే లేపడు. రాత్రికి వేరే మనిషి కావాలి.
సిస్టర్ చదివి, సంతకం పెట్టి, ఏమీ అనలేదు.

రెండు రోజులాగి,
ఇవాళ నడక వద్దు, నిలబడితే చాలన్నాను.
నడుం బెల్టు పట్టుకుని మెల్లగా తోస్తానన్నాను.
"బ్రేకు వడ్డట్టా?"
"అవును."
"యాడ? మాసబ్‌ట్యాంక్ దిగుడుకాడనా, మలుపుకాడనా?"
"దిగుడు."
నా అరచెయ్యి ఆయన వీపును ఇంకా చేరనేలేదు,
కుడి మోకాలు వంగింది.
ఆ వెనకే, ఆలస్యంగా, బద్ధకంగా,
ఎడమది కూడా.

బెల్టు నేను వదల్లేదు.
నాలుగు, అని రాసుకున్నాను.
ఆయన కుడి చెయ్యి మాత్రం చంక కింద
లేని తోలుసంచి కోసం
తడుముతూనే ఉంది.